వాహన యోగక్షేమాలు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఆ రెండు పనులలోని సాధకబాధకాలు అనుభవించినవారికి తప్ప ఇతరులకు తెలియవని దీని భావం. ఈ సామెతను పుట్టించినవారు మన కాలంలో ఉండి ఉంటే ‘కారు కొని చూడు’ అనే మూడో మాటను తప్పక చేర్చి ఉండేవారు. ఇల్లు ఎంత పెద్దదైనా గృహప్రవేశంతో కట్టడం ముగుస్తుంది. పెళ్ళి ఎంత ఘనంగా చేసినా అప్పగింతలతో పందిరి విప్పుతారు. కారు కొనడం మాత్రం కొన్ననాటితో పూర్తయ్యే పని కాదు. ఆనాడు మొదలయ్యే పని.

మన ఊళ్ళలో తరచు కనిపించే దృశ్యం ఒకటి ఉన్నది. కొత్త కారు గుడి ముందు ఆగుతుంది. పూజారి దానిమీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ గుర్తు వేస్తాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. కొబ్బరికాయ కొడతారు, గుమ్మడికాయతో దిష్టి తీస్తారు. ఇరుగుపొరుగులకు మిఠాయిలు పంచుతారు. వచ్చినవారు రెండు ప్రశ్నలు తప్పక అడుగుతారు. మొదటిది, ‘ఎంత పడింది?’ రెండోది, ‘మైలేజీ ఎంత ఇస్తుంది?’ మూడో ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని ఎవరూ అడగరు. ‘నెలనెలా దీని పోషణకు ఎంత తీసిపెట్టారు?’ అన్నదే ఆ ప్రశ్న. అడగకపోవడం మర్యాద కావచ్చు. కొనేవాడు తనను తాను అడుగుకోకపోవడం మాత్రం అవివేకం.

సంస్కృతంలో ‘యోగక్షేమం’ అనే అందమైన పదం ఉన్నది. మనం ఉత్తరాలలో కుశల ప్రశ్నగా వాడి దాని అసలు అర్థాన్ని దాదాపు మరచిపోయాం. లేనిదానిని పొందడం యోగం. పొందినదానిని కాపాడుకోవడం క్షేమం అని వ్యాఖ్యాతలు వివరించారు. జ్యోతిష్కులు ‘వాహనయోగం’ ఉన్నదో లేదో జాతకం చూసి చెబుతారు. వాహనక్షేమం సంగతి ఏ జాతకంలోనూ ఉండదు. అది మన చేతిలోని పని. నేటి మధ్యతరగతి కుటుంబాలు యోగం కోసం పడే ఆరాటంలో పదో వంతు కూడా క్షేమం మీద చూపడం లేదు. ఈ నిర్లక్ష్యానికి చెల్లించే మూల్యం డబ్బుతో పోతే బాధ లేదు. ఒక్కొక్కప్పుడు అది ప్రాణాలతో ముడిపడి ఉంటుంది.

మన ప్రాచీన కావ్యాలలో రథాలకు కొదువ లేదు. వాటిని చదివేటప్పుడు మనం సాధారణంగా రథికుని ధనుష్టంకారాన్ని వింటామే కాని, గుర్రాల ఆలనాపాలనా చూసినవారిని గమనించం. కవులు మాత్రం వారిని విస్మరించలేదు. పాండవుల అజ్ఞాతవాసంలో నకులుడు విరటుని కొలువులో అశ్వరక్షకుడుగా చేరాడు. రాజపుత్రుడై ఉండి కూడా గుర్రాల రోగాలు, వాటి చికిత్సలు తెలిసినవాడు కనుకనే ఆ పని అతనికి అన్నం పెట్టింది. నలోపాఖ్యానంలో బాహుకుడుగా ఉన్న నలుడు విదర్భ ప్రయాణానికి బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకొంటాడు. వాటిని చూసి ఋతుపర్ణ మహారాజు సందేహిస్తాడు. నలుడు చూసింది వాటి మేని నిగారింపును కాదు, సులక్షణాలను. ఆ గుర్రాలే అయోధ్య నుంచి విదర్భకు ఒక్క రోజులో రథాన్ని చేర్చాయి. ద్రోణపర్వంలోని సైంధవవధ ఘట్టం ఇంకా ఆశ్చర్యకరమైనది. సూర్యాస్తమయంలోగా ప్రతిజ్ఞ నెరవేర్చవలసిన ఆ రోజున, నాలుగు వైపుల శత్రుసేన ముసురుకొని ఉన్న వేళ, శ్రీకృష్ణుడు గుర్రాలను విప్పి, వాటికి గుచ్చుకొన్న బాణాలను తీసి, ఒళ్ళు నిమిరి, నీరు పెట్టి, అలసట తీరిన తరువాతనే తిరిగి రథానికి పూన్చాడు. అంతవరకు అర్జునుడు నేలమీద నిలిచి యుద్ధం చేశాడు. ‘సమయం లేదు’ అని చెప్పడానికి అంతకంటె మంచి సందర్భం ఎవరికైనా ఉంటుందా? అయినా వాహనక్షేమాన్ని వారు వాయిదా వేయలేదు.

కావ్యాల దాకా ఎందుకు? మన తాతల కాలంలో ఎడ్లబండి ఉన్న రైతు ఇరుసుకు కందెన పెట్టకుండా బండి కట్టేవాడు కాడు. ఎద్దు కుంటుతున్నదంటే నాడా చూసేవాడు. బండి కీచుమంటే ఎక్కడి చప్పుడో చెవితోనే పోల్చుకొనేవాడు. అతడు చదువుకోలేదు కాని తన వాహనాన్ని చదివాడు. మనం చదువుకొన్నవారం. కారుతో పాటు ఇచ్చిన పుస్తకాన్ని డ్యాష్‌బోర్డు అరలో పెట్టి, దాని ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా ఏళ్ళు గడుపుతాం.

ఇక లెక్కలోకి వద్దాం. అన్ని ఖర్చులూ కలుపుకొని ఎనిమిది లక్షల రూపాయలకు వచ్చే చిన్న కారును ఒక ఉద్యోగి కొన్నాడనుకొందాం. రెండు లక్షలు చేతి నుంచి పెట్టి, ఆరు లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ళ గడువుతో అప్పు తీసుకొన్నాడు. నెలకు కట్టవలసిన వాయిదా సుమారు ₹9,650. ఏడేళ్ళలో అతడు తిరిగి కట్టే సొమ్ము ₹8,10,000 పైచిలుకు. అందులో రెండు లక్షలకు మించి వడ్డీయే. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగి, లీటరుకు పదహారు కిలోమీటర్లు వస్తే 62.5 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు ₹108 చొప్పున వేస్తే అది ₹6,750. బీమాకు ఏడాదికి ₹18,000, సర్వీసింగుకు, చిల్లర మరమ్మతులకు మరో ₹18,000 అనుకొంటే నెలకు ₹3,000. నాలుగేళ్ళకొకసారి మార్చవలసిన టైర్లకు, బ్యాటరీకి నెలకు ₹500 తీసిపెట్టాలి. టోల్ రుసుములు, పార్కింగు, నీటి వాషింగు కలిపి ₹1,000. మొత్తం ₹20,900. అంటే కిలోమీటరుకు దాదాపు ఇరవై ఒక్క రూపాయలు.

ఈ లెక్కలో గమనించవలసిన విషయాలు రెండు. అందరూ అడిగే ‘మైలేజీ’ ఖర్చు మొత్తంలో సుమారు మూడో వంతు మాత్రమే. మిగిలిన రెండు వంతులూ ఎవరూ అడగని ప్రశ్నలో దాగి ఉన్నాయి. రెండోది, కారును ఇంటి ముందు నిలిపి ఉంచితే డబ్బు మిగులుతుందనుకోవడం భ్రమ. అదే ఉద్యోగి నెలకు మూడు వందల కిలోమీటర్లే తిరిగితే పెట్రోలు ఖర్చు ₹2,025కు తగ్గుతుంది. కాని వాయిదా తగ్గదు, బీమా తగ్గదు. అప్పుడు కిలోమీటరు ఖర్చు సుమారు యాభై నాలుగు రూపాయలు. ఆ డబ్బుతో అవసరమైన ప్రతిసారీ అద్దె కారులో దర్జాగా వెళ్ళిరావచ్చు. పైగా వాహనం విలువ నిలిచి ఉండదు. బీమా సంస్థల తరుగు పట్టిక ప్రకారం ఐదో ఏట దాని విలువను సగంగా లెక్కిస్తారు. బంగారం కొంటే దాచుకొన్నట్లు, భూమి కొంటే పెంచుకొన్నట్లు. కారు కొంటే ఖర్చుపెట్టినట్లు. ఈ తేడాను మరచి దానిని ఆస్తిగా భావించడం వల్లనే పలు కుటుంబాలు జీతం రాకముందే నెలను ముగించుకొంటున్నాయి.

కారు ధర తక్కువైతే సమస్య తీరుతుందని ఒక కాలంలో అందరూ అనుకొన్నారు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు కారు మధ్యతరగతి కలలోకి వచ్చింది. 2009లో లక్ష రూపాయల కారుగా పేరుపొందిన నానో వచ్చింది. స్కూటరు మీద నలుగురు వెళ్ళే కుటుంబానికి సురక్షితమైన వాహనం అందించాలన్నది దాని వెనుక ఉన్న ఉదాత్తమైన ఆశయం. అయినా అది ఆశించినంతగా అమ్ముడుపోలేదు. 2018లో దాని తయారీ ఆగిపోయింది. దానికి కారణాలు పలు చెబుతారు. వాటిలో ఒకటి మనను ఆలోచింపజేస్తుంది. ‘చవక కారు’ అన్న పేరే దానికి శాపమైంది. మనలో పలువురు కారును ప్రయాణ సాధనంగా కాక పరపతికి ప్రకటనగా కొంటారనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. పరపతి కోసం కొన్న వస్తువుకు పైమెరుగులే పోషణ అవుతాయి. ఈ మాట ఇతరులను ఉద్దేశించి అనడం లేదు. నా అనుభవాన్నే చెబుతాను.

కొన్నేళ్ళ కిందట నేనొక పాత కారు కొన్నాను. కొన్న వారంలోనే ఆరు వేలు పెట్టి సీట్లకు కొత్త కవర్లు వేయించాను, పాటల పెట్టె పెట్టించాను. ఏడాదికొకసారి ఇంజన్ ఆయిల్ మార్పించి, బాధ్యత తీరిందనుకొన్నాను. ఒక మాఘమాసంలో కుటుంబంతో శ్రీశైలం బయలుదేరాం. శివరాత్రి దగ్గరపడిన రోజులు. నల్లమల దారి పొడవునా భక్తులు కాలినడకన వెళుతున్నారు. ఈగలపెంట దాటి ఆనకట్ట వైపు ఘాట్ రోడ్డు దిగుతున్నాం. మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతున్నాను. అంతవరకు గట్టిగా ఉన్న పెడల్ ఒక మలుపులో మెత్తబడింది. మరో మలుపులో పాదం కిందికి దిగిపోయింది కాని బండి ఆగలేదు. ఎదుట రోడ్డు అంచున పది పన్నెండు మంది, వారిలో చంటిబిడ్డను ఎత్తుకొన్న ఒక తల్లి, తమ దారిన తాము నడుస్తున్నారు. నా భార్య కేక వేసింది. హారను మోగిస్తూ రెండో గేరులోకి, మొదటి గేరులోకి మార్చాను. హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగాను. బండి పిట్టగోడను ఒరుసుకొంటూ పోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ తల్లి బిడ్డను మరింత దగ్గరకు అదుముకొని ఒక్కసారి నా వైపు చూసింది. ఆమె ఏమీ అనలేదు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తున్నది.

సున్నిపెంట నుంచి వచ్చిన మెకానిక్కు మూత తీసి చూసి, ‘బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించారు సార్?’ అని అడిగాడు. ‘అది కూడా మార్పించాలా?’ అన్నాను. అతడు వయసులో నా విద్యార్థుల కంటె నాలుగైదేళ్ళు పెద్ద. నా ఎదుట నల్లబడిన ఆ ద్రవాన్ని సీసాలోకి తీసి చూపుతూ పాఠం చెప్పాడు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరినకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఘాట్ రోడ్డు మీద పదేపదే బ్రేకు తొక్కినప్పుడు పుట్టే వేడికి దానిలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవాన్ని అదిమితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది. ఆవిరిని అదిమితే అది ఒదిగిపోతుందే కాని ఒత్తిడిని చేర్చదు. అందుకే రెండేళ్ళకొకసారి దానిని మార్చాలి. దిగువకు వెళ్ళేటప్పుడు చిన్న గేరులో దిగాలి. చివరగా అతడు నవ్వుతూ అన్నాడు: ‘సీట్లు బాగా చేయించారు సార్. కూర్చునే సంగతి చూసుకొన్నారు, ఆగే సంగతి మరిచారు.’ ఆ మార్పిడికి నేను మామూలుగా చెల్లించవలసింది ఐదారు వందల రూపాయలు. ఆ మాత్రం ఖర్చు చేయనందుకు ఆనాడు పరాయి బిడ్డ ప్రాణం మీదికి తెచ్చాను.

ఆ తరువాతనే నాకు కారులోని ఒక్కొక్క భాగం ఒక్కొక్క అక్షరంలా కనబడసాగింది. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైనదని అర్థం. చాళ్ళు లోతుగా కనిపించినా రబ్బరు ముదిరితే బీటలు వారుతుంది. కారు టైరు చాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని మన నిబంధనలు చెబుతున్నాయి. అరిగిన టైరు వానలో నీటిని పక్కకు నెట్టలేక జారుతుంది. గాలి తక్కువైన టైరు వేసవిలో వేడెక్కి పగులుతుంది. మన వేసవి ఎండలకు బ్యాటరీ ఆయువు తగ్గుతుంది. రేడియేటరులో కూలెంటు బదులు ప్రతిసారీ కుళాయి నీరు పోస్తే లోపల తుప్పు, సున్నం పేరుకొంటాయి. ఉష్ణోగ్రత ముల్లు ఎరుపులోకి వెళ్ళినా ‘ఊరు దగ్గరే కదా’ అని నడిపినవారికి వేలల్లో పోయేది లక్ష దాకా వస్తుంది. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటరు మూత తీసి ముఖం కాల్చుకొన్నవారూ ఉన్నారు. ఇవన్నీ తెలుసుకోవడానికి ఇంజనీరింగు పట్టా అక్కరలేదు. ఆదివారం ఉదయం అరగంట తీరిక, కొంచెం కుతూహలం చాలు.

మరమ్మతు మాట రాగానే యజమానులందరూ ఏకకంఠంతో మెకానిక్కులను నిందిస్తారు. ‘ఒకటి బాగుచేయడానికి ఇస్తే మరొకటి చెడిపోయిందంటారు’ అన్నది సాధారణమైన ఫిర్యాదు. అందులో సత్యం లేకపోలేదు. అడగని పనులు చేసి బిల్లు పెంచేవారు, మార్చని భాగానికి డబ్బు తీసుకొనేవారు పెద్ద సర్వీసు కేంద్రాలలోనూ ఉన్నారు, చెట్టు కింద షెడ్లలోనూ ఉన్నారు. కాని విజయవాడ ఆటోనగర్‌లోనో, గాజువాకలోనో, హైదరాబాదు శివారులోనో ఒకసారి నిలబడి చూడండి. చప్పుడు విని జబ్బు చెప్పగల పనివారు అక్కడ కనిపిస్తారు. బడిలో నిలవలేకపోయిన పిల్లలు పలువురు ఆ విద్యలో పండితులయ్యారు. మోసం ఎక్కడ పుడుతుంది? ఒకరికి అంతా తెలిసి, మరొకరికి ఏమీ తెలియనిచోట పుడుతుంది. పని మొదలుపెట్టకముందే అంచనా రాసి ఇమ్మనడం, మార్చిన పాత భాగాన్ని తిరిగి అడగడం, బిల్లులో విడిభాగాల ధర, కూలి వేరువేరుగా చూపించమనడం—ఈ మూడు అలవాట్లు చాలావరకు మోసాన్ని అరికడతాయి. నిజాయితీపరుడైన మెకానిక్కు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. తన పనిని గుర్తించినవాడు దొరికాడని సంతోషిస్తాడు.

యజమాని తెలుసుకొన్నంత మాత్రాన తీరని చిక్కులు కూడా ఉన్నాయి. అసలైన విడిభాగాలు, వాటి సాంకేతిక వివరాలు బయటి మెకానిక్కులకు అందకుండా తయారీదారులు కట్టడి చేస్తున్నారని ఒక వినియోగదారుడు ఫిర్యాదు చేశాడు. దానిని విచారించిన కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల తయారీ సంస్థలకు మొత్తం సుమారు ₹2,544 కోట్ల జరిమానా విధించింది. ఆ ఉత్తర్వు తరువాత అప్పీళ్ళకు వెళ్ళిన మాట నిజమే. అయినా కారు కొన్నవానికి దానిని తనకు నచ్చినచోట బాగుచేయించుకొనే స్వేచ్ఛ ఉండాలన్న భావన ఆనాటి నుంచి బలపడింది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ కోసం ప్రత్యేకంగా ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. ఒక సామాన్య వినియోగదారుని ప్రశ్న ఇంత దూరం నడిచింది. గొణుక్కొని బిల్లు కట్టేవారి వల్ల ఈ మార్పు రాలేదని గ్రహించాలి.

బీమా విషయంలోనూ మన ధోరణి ఇటువంటిదే. పోలీసులు అడుగుతారని బీమా చేయించేవారే ఎక్కువ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. ఆ మూడో వ్యక్తి ఎవరు? మన బండి తగిలి గాయపడే దారినపోయేవాడు. అతనికి మనతో ఏ ఒప్పందమూ లేదు. మన కారు ఏదో, దాని బ్రేకులు ఎలా ఉన్నాయో అతడు ఎరగడు. అతని కుటుంబం వీధిన పడకూడదనే చట్టం ఆ కట్టుబాటు విధించింది. 2022 జూన్‌లో అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు ఈ బీమా మూల ప్రీమియం ఏడాదికి ₹2,094. రోజుకు ఆరు రూపాయలు కూడా కాదు. దానిని మిగుల్చుకొన్న యజమాని, ప్రమాదం జరిగితే బాధితునికి లక్షల పరిహారం తన ఇల్లు అమ్మి అయినా చెల్లించవలసి వస్తుంది. చెల్లించలేకపోతే నష్టపోయేది ఏ పాపమూ ఎరగని ఆ మూడో మనిషే.

బీమా ఉన్నంత మాత్రాన సరిపోదు. దాని షరతులూ తెలియాలి. 2020 అక్టోబరు వరదలలో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ ఎన్నో కార్లు నీట మునిగాయి. నీరు తగ్గగానే ఆత్రంగా తాళం తిప్పడం అటువంటప్పుడు చేయకూడని పని. ఇంజన్ సిలిండరులోకి నీరు చేరి ఉంటే, గాలిలా అది ఒదగదు. పిస్టను దానిని అదమబోయి లోపలి కడ్డీలు వంగిపోతాయి. ‘మునిగినందుకు పరిహారం ఇస్తాం, మునిగిన బండిని స్టార్టు చేసి పాడుచేసుకొన్నందుకు ఇవ్వం’ అని బీమా సంస్థలు తరచు వాదిస్తాయి. ఇంజన్ రక్షణకు విడిగా అదనపు ప్రీమియం కట్టినవారికే ఆ నష్టం తీరే అవకాశం ఎక్కువ. అందువల్ల నీట మునిగిన కారును ముట్టుకోకుండా ఫోటో తీసి, బీమా సంస్థకు తెలిపి, లాగించుకొని పోవడమే మేలు.

పాత కారు అమ్మేవారు, కొనేవారు చేసే మరో పొరపాటు పేరు మార్పించకపోవడం. తాళాలు చేతులు మారాయి, డబ్బు ముట్టింది, ఇక మనకేమిటని అమ్మినవాడు అనుకొంటాడు. కాని రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో వారే చట్టం దృష్టిలో యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహార బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఎవరో ఎక్కడో చేసిన ప్రమాదానికి, ఏనాడో బండి అమ్ముకొన్నవాడు కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది.

ఇంటర్మీడియట్ చదివే వయసువారికి సూటిగా తగిలే నియమం కూడా ఒకటి ఉన్నది. పద్దెనిమిదేళ్ళు నిండనివారు కారు నడపరాదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే, తెలియకుండా జరిగిందని నిరూపించుకోలేని సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, ₹25,000 జరిమానా పడవచ్చు. వాహన రిజిస్ట్రేషను పన్నెండు నెలలపాటు రద్దవుతుంది. ఆ మైనరుకు ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. నాన్న నిద్రపోయాక తాళం తీసుకొని స్నేహితులతో పది నిమిషాలు తిరిగివచ్చే సరదా వెనుక ఒక తండ్రి ఉద్యోగం, ఒక కుటుంబం పరువు పణంగా ఉంటాయని మరువరాదు.

ఇన్ని చిక్కులు చెప్పినంత మాత్రాన కారు కొనవద్దని నా అభిప్రాయం కాదు. మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్టు ఎక్కలేని తల్లిదండ్రులున్న ఇంటికి, అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసిన రోగి ఉన్న ఇంటికి, చివరి బస్సు సాయంత్రమే వెళ్ళిపోయే పల్లెకు కారు విలాసం కాదు, ఊరట. నేను ఆ కారును అమ్మలేదు. మా అమ్మగారి చివరి రెండేళ్ళలో ఆమెను వారం వారం వైద్యుని దగ్గరకు తీసుకొనిపోయింది అదే. నేను చెప్పేది ఒక్కటే: అవసరాన్ని కొలిచి కొనాలి, కొన్నదానిని పోషించగలిగితేనే కొనాలి. నెలసరి వాయిదా కట్టగలమా అని కాక, మొత్తం ఖర్చు భరించి కూడా పిల్లల చదువుకు, పెద్దల మందులకు లోటు రాకుండా ఉంటామా అని లెక్క వేయాలి. లేదంటే ఆర్టీసీ బస్సు ఎక్కడంలో చిన్నతనం లేదు. అప్పు చేసి తెచ్చిన కారు టైర్లు అరిగినా మార్చలేక, బీమా గడువు తీరినా కట్టలేక రోడ్డు మీదికి తీసుకురావడంలోనే చిన్నతనం ఉన్నది.

మరికొన్నేళ్ళలో మీరు ఉద్యోగాలలో చేరతారు. మొదటి జీతంతో పాటు కారు అప్పు ఇస్తామనే పిలుపులూ వస్తాయి. అప్పుడు షోరూము అద్దాల వెనుక మెరిసే రంగును చూసే ముందు, నలుడు గుర్రాలను చూసిన చూపును గుర్తు చేసుకోండి. కొన్న తరువాత ఎంత తొందర పనిమీద ఉన్నా, యుద్ధం మధ్యలో గుర్రాలకు నీరు పెట్టిన సారథిని గుర్తు చేసుకోండి. ఇప్పటికిప్పుడు చేయదగిన పని కూడా ఒకటి ఉన్నది. ఈ ఆదివారం ఇంట్లో ఉన్న బండి ఏదైనా సరే—మోపెడ్ కానీ, ట్రాక్టరు కానీ, కారు కానీ—దాని టైర్లలో గాలి, చాళ్ళ లోతు, బ్రేకుల పట్టు, బీమా కాగితం మీది తేదీ, ఈ నాలుగూ పరిశీలించి నాన్నగారికి చెప్పండి. చేతులకు కాస్త నూనె మరక అంటితే కడుక్కోవచ్చు. దారిన నడిచే ఒక తల్లి, ఆమె చంకలోని బిడ్డ, మన ముఖమైనా ఎరగకుండా, ఆ నాలుగు పనుల వల్లనే క్షేమంగా ఇల్లు చేరతారు.